రోడ్డు పక్కన ఉత్త మడి

పొద్దున ఆరు గంటల ఇరవై నిమిషాలకు పెద్దనాయన నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. రోజూ వచ్చేదే. రెండుసార్లు మోగి ఆగిపోతే గొర్రెలు మేతకు బయలుదేరాయని, ఇంటి దగ్గర అందరూ బాగున్నారని అర్థం. హాస్టల్లో నల్లా దగ్గర పళ్ళు తోముకుంటూ ఆ మోతలు లెక్కపెట్టేదాన్ని. ఆ రోజు మూడోసారి కూడా మోగింది. నోట్లో నురుగుతోనే ఫోన్ ఎత్తాను.

"నీ పని ఖతం చేసిన బిడ్డా. ఇగ పరేషాన్ కాకు," అన్నాడు.

"ఏం పని పెద్దనాయనా?"

"నాట్లయి పైరు లేసినంక సూడు. నీకే తెలుస్తది."

గట్లు సరిచేసి ఉంటాడని అనుకున్నాను. నోరు కడుక్కుని క్లాసుకు పోయాను.

అప్పుడు నేను యూనివర్సిటీలో వ్యవసాయ శాస్త్రం, అగ్రిబిజినెస్ కలిపి చదువుతున్నాను. పొద్దున పూట మట్టి, మొక్కలు, పురుగులు. మధ్యాహ్నం నుంచి మార్కెట్లు, ధరలు, అమ్మకాలు. పొద్దున వరిగింజను సూది మొనతో చీల్చి మొలక ఎక్కడుందో చూసేవాళ్ళం. మధ్యాహ్నానికి అదే గింజ సరుకైపోయేది. దానికి గోదాము, లారీ, కొనేవాడు కావాలి. మధ్యలో ఒంటిగంటకు మెస్‌లో అది అన్నంగా కనిపించేది. దాని గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పేవారు కాదు.

ఈ చదువు సంగతి మొదటిసారి చెప్పినప్పుడు పెద్దనాయన గొర్రె కాలిలో ముల్లు తీస్తున్నాడు. తల ఎత్తకుండా అడిగాడు. "రెండు సదువులెందుకు?"

"ఒకటి పండిచ్చేది, ఒకటి అమ్మేది."

"గీ రెండు మనకు తెల్వకనా? పండినంక ఏమన్న మిగిల్చేది ఉంటే సెప్పు, అది సదువు."

మాది గొర్రెలు కాసే ఇల్లు. గరిడేపల్లి దగ్గర రోడ్డుకు ఆనుకుని కొంత పొలం కూడా ఉంది. పొలం నాన్న చూసేవాడు, మందను నాన్నకు అన్న అయిన పెద్దనాయన చూసేవాడు. ఎండాకాలం కోతలయ్యాక ఖాళీ పొలాల్లో మందను రాత్రులు పడుకోబెట్టడం మా పని. గొర్రెల పెంట, మూత్రం ఆ నేలకు ఎరువవుతాయి. దాన్ని మంద పెట్టడం అంటారు. చుట్టుపక్కల రైతులు ముందే వచ్చి మా వాకిట్లో కూర్చుని, ఈసారి తమకు పెట్టమని అడిగిపోయేవారు. ఎవరిది ముందు, ఎవరిది తర్వాత అన్న వరుస పెద్దనాయన మనసులోనే ఉండేది. సర్పంచి వచ్చి అడిగినా ఆ వరుస మారేది కాదు.

ఆఖరి సంవత్సరం అందరం ఒక ప్రయోగం చేసి చూపించాలి. నేను మా పొలమే అడిగాను. నాన్న ఒప్పుకున్నాడు. ఒకే కొలతతో పన్నెండు మళ్ళు చేశాను. నాలుగు పద్ధతులు, ఒక్కో పద్ధతికి మూడు మళ్ళు. మూడు పద్ధతుల్లో ఏదో ఒక ఎరువు ఉంటుంది. నాలుగో పద్ధతిలో ఏమీ వేయకూడదు. మిగతావాటి బలం తెలియాలంటే ఏమీ పడని మడి ఒకటి పక్కన ఉండాలి. పెద్దనాయన దానికి ఉత్త మడి అని పేరు పెట్టాడు. ప్రతి మడికీ కర్ర పాతి చిన్న బోర్డు కట్టాను. ఉత్త మళ్ళ బోర్డుల మీద "ఎరువు వేయరాదు" అని ఎర్ర రంగుతో రాశాను. పరీక్షలు ఉన్నాయని యూనివర్సిటీకి తిరిగి వెళ్ళిపోయాను. ఆ ఫోన్ వచ్చింది ఆ వారంలోనే.

దుక్కులయ్యాక వచ్చి నాట్లు దగ్గరుండి వేయించాను. అప్పటికి దమ్ము చేసిన బురదలో ఏమీ కనిపించలేదు. నెల రోజుల తర్వాత సూర్యాపేటలో బస్సు మారి మళ్ళీ వచ్చాను. దిగేసరికి రోడ్డు మీది నుంచే తెలిసిపోయింది. లోపలి రెండు ఉత్త మళ్ళు పాలిపోయి ఉన్నాయి. రోడ్డు పక్కనున్నది మాత్రం పన్నెండింటిలోకీ నల్లగా, ఏపుగా ఉంది. పెద్దనాయన గట్టు మీద నిలబడి నా మొహం చూస్తున్నాడు, మెప్పు కోసం.

"ఈ మడికి ఎవరన్న యూరియా చల్లిన్రా పెద్దనాయనా?"

"యూరియానా? ఛీ. మంద పెట్టిన. రెండు రాత్రులు."

"బోర్డు చూడలేదా?"

"సూసిన. కూడబలుక్కొని సదివిన. సదివినంకనే పెట్టిన."

"ఎందుకు?"

"మిర్యాలగూడ మిల్లులకు పొయ్యే బండ్లన్నీ గీ రోడ్డు మీదనే పోతయి. ఊరందరి పొలాలకు మంద పెట్టేటోని ఇంట్ల ఎరువు లేని మడా? పైగా దానికి బోర్డు. నా మొఖం ఏడ పెట్టుకోవాలె?"

"మరి లోపలి రెండిటికి పెట్టలేదేంది?"

"ఆటిని ఎవలు సూస్తరు?"

గట్టు మీద కూర్చున్నాను. కోపం రావాల్సింది. కానీ ఆ మడి అంత బాగుంది. దీనివల్ల ఏమవుతుందో ఆయనకు చెప్పాను. ఈ ప్రయోగం చెడితే మళ్ళీ వేయాలి. అదీ చెడితే ఏడాది పోతుంది. ఏడాది తప్పినవాళ్ళకు స్కాలర్‌షిప్ ఆపేస్తారు. అది ఆగితే నా చదువు అక్కడితో ఆగుతుంది.

"ఆ మడి పరీక్ష రాస్తున్నదనుకో పెద్దనాయనా. నువ్వు పక్కన కూసోని జవాబులన్నీ చెప్పినవ్."

పెద్దనాయన తలకు చుట్టిన రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "మీ సారుకు నేనే చేసిన అని సెప్పు. లేకుంటె నువ్వు చేసినవనుకుంటడు."

సైన్సు సారు మళ్ళ ఫోటోలు చూసి, మొదట నా వైపు, తర్వాత కిటికీ వైపు చూశాడు. "మూడింటిలో ఒకటి పోయింది. మిగిలిన రెండింటితో నేను సంతకం పెట్టను. యాసంగిలో, రెండో పంటకు, మళ్ళీ వెయ్యండి," అన్నాడు. తలుపు దాకా పోయాక వెనక్కి పిలిచాడు. "ఈసారి గొర్రెలకు కూడా ఒక బోర్డు పెట్టండి."

మధ్యాహ్నం బిజినెస్ మేడమ్ ఇదే కథ విని కుర్చీ ముందుకు లాక్కుంది. ఆమెకు చెడిపోయిన మడి కనిపించలేదు, ఒక వ్యాపారం కనిపించింది. పెద్దనాయనను ప్రశ్నలు అడిగి రాసుకురమ్మని ఒక కాగితం ఇచ్చింది. తర్వాతి ఆదివారం మంద వెనుక నడుస్తూ ఆ కాగితం చదివాను.

"నీ వినియోగదారులను ఎట్ల ఎంచుకుంటవ్?"

"ఎవళ్ళ దగ్గర గొర్లకు మంచి నీళ్ళుంటయో ఆళ్ళే."

"ధర?"

"మాకు రెండు పూటల బువ్వ. మనసున్నోళ్ళు ఇన్ని వడ్లిస్తరు. లేనోళ్ళు ఎవల గురించన్న ముచ్చట సెప్తరు."

"నీకు పోటీ ఎవరు?"

"కుక్కలు."

"వ్యాపారం పెంచే ఆలోచన ఉందా?"

ఆగి నా వైపు తిరిగాడు. "గొర్లు ఏడనో ఓ కాడ పండుకోవాలె గదా బిడ్డా. దానికి ఇన్ని మాటలా?"

అన్నీ ఆయన అన్నట్టే రాసిచ్చాను. ఆ సంవత్సరం క్లాసులో ఎక్కువ మార్కులు ఆ కాగితానికే వచ్చాయి. మేడమ్ "కుక్కలు" అన్న మాట కింద గీత గీసి, పక్కన "నిజమే" అని రాసింది.

యాసంగికి కొలత ప్రకారం ఎరువులు కావాలి. కోదాడ పోయి తెస్తానంటే పెద్దనాయన కూడా బయలుదేరాడు. జన్మలో ఆయన ఎరువుల కొట్టు మెట్లెక్కలేదు. కొట్టు యజమాని ఆయనను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"ఏవండీ పెద్దాయనా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందాండీ? మీ మంద తిరిగిన ఊళ్ళో నా బస్తాలు కదలవు కదండీ. కూర్చోండి, టీ తాగుదురుగాని."

"నాకోసం రాలే. పిల్ల సదువు కోసం వచ్చిన."

"చదువుకోసమైనా వచ్చారుగా. కూర్చోండి మరి."

టీ తాగాడు. కానీ నిలబడే తాగాడు.

పాత మళ్ళలో మంద బలం మిగిలి ఉంటుందని ఈసారి పక్కనున్న ముక్క తీసుకున్నాను. అదీ రోడ్డు పక్కదే. ఏ మడికి ఏ పద్ధతో మనం ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు, చీటీలు తీయాలి. వరుసకు నాలుగు మళ్ళు. పెద్దనాయన రుమాలులో ఒక్కో పద్ధతికి ఒకటి చొప్పున నాలుగు చీటీలు వేసి, మొదటిది ఆయననే తీయమన్నాను. అది రోడ్డుకు ఆనుకున్న మడిది. చేయి పెట్టి చాలాసేపు కలిపాడు. విప్పి చూసి నాకిచ్చాడు. సున్నా. మళ్ళీ రోడ్డు పక్కనే ఉత్త మడి.

"ఇంకోపాలి తీస్త."

"కుదరదు."

"సెయ్యి జారింది బిడ్డా."

"కుదరదు పెద్దనాయనా. ఏదొస్తే అదే."

రుమాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. "గొర్లకన్న మొండిది గదనే మీ సైన్సు," అన్నాడు.

ఆ నాలుగు నెలలు ఆయన పడిన అవస్థ నేను దూరం నుంచి ఫోన్లో విన్నాను, సెలవుల్లో కొంత చూశాను. గొర్రెలు నడుస్తూనే పెంట వేస్తాయి. కాబట్టి మందను పొలం పక్కనుంచి తోలడం మానేసి, కాలువ అవతలి నుంచి చుట్టూ తిప్పి తీసుకుపోయేవాడు. సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆలస్యమయ్యేది. పెద్దమ్మ గొణిగేది. రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు పోయేటప్పుడు డ్రైవర్లు బండి నెమ్మది చేసి మరీ అడిగేవారు. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను.

"ఏంది మామా, గొర్లన్నీ అమ్ముకున్నవా? పసుపు పచ్చగయింది పైరు."

"గొర్లున్నయి."

"మరి గీ మడి ఏం పాపం చేసింది?"

"అది పరీక్ష రాస్తున్నది. జర సప్పుడు సెయ్యకుండ పో."

డ్రైవరు నవ్వాడు. పెద్దనాయన నవ్వలేదు. ట్రాక్టరు మలుపు తిరిగేదాకా నడుము మీద చేతులు పెట్టుకుని ఆ మడికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన ఒక్కడే ఎంత మడిని కప్పగలడు? అయినా నిలబడ్డాడు.

పైరు పొట్టకొచ్చే రోజుల్లో ఒక పొద్దున, అదే ఆరూ ఇరవైకి ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తాను.

"ఒక గొర్రె దుంకింది బిడ్డా. మందల నుంచి తప్పిచ్చుకొని ఉత్త మడిలకు పోయింది."

"ఎంతసేపుంది?"

"నేను ఉరికేదాక. ఐదు పెంటికలు ఏసింది, నీళ్ళల్ల. ఏరేసిన. ఇంకోటి ఉన్నదేమో అని దేవులాడిన, దొర్కలే. ఐదే. రాసుకో."

ఆయన దాచి ఉంటే నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. నేను కూడా దాచలేదు. నోటు పుస్తకంలో తేదీ వేసి, ఒక గొర్రె, ఐదు పెంటికలు, ఏరివేయబడినవి అని రాశాను. సారు ఆ పేజీ దగ్గర ఆగాడు. ప్రయోగం పోయిందనుకున్నాను. "ఎవరు ఏరారు?" అని అడిగాడు. చెప్పాను. పక్కన చిన్న సంతకం పెట్టి పేజీ తిప్పాడు.

కోతల నాటికి ఉత్త మళ్ళు మూడూ తక్కువ పండాయి, రోడ్డు పక్కది అన్నిటికన్నా తక్కువ. పండాల్సిన తీరు అదే. నా పట్టా నాకు వచ్చింది. ఫలితం చెప్పడానికి పొలానికి పోతే పెద్దనాయన గింజలు అరచేతిలో పోసుకుని చూస్తున్నాడు.

"ఎరువెయ్యకుంటే పండదని నన్నడిగితే కూసున్న కాడ సెప్పకపోదునా?"

"నువ్వు చెప్తే సారు సంతకం పెట్టడు."

"అదీ నిజమే." గింజలు కుప్పలోకి వదిలి అడిగాడు. "ఇగ పెట్టొచ్చునా?"

పెట్టొచ్చన్నాను. ఆ ఎండాకాలం ఊళ్ళో అడిగినవాళ్ళందరినీ ఆపి, ఆ ఒక్క మడికి ఐదు రాత్రులు మంద పెట్టాడు. ఆయన వరుస తప్పడం అదే మొదటిసారి. ఎవరో అడిగితే, "పస్తుండి పరీక్ష రాసింది, దానికి ముందు," అన్నాడట. పెద్దమ్మ చెప్పింది.

పోయిన చలికాలం ఆయనను సూర్యాపేట దవాఖానలో చేర్చారు. నేను మిర్యాలగూడలో ఒక మిల్లులో పని చేస్తున్నాను. వచ్చిన వడ్లలో తేమ, నూక చూస్తాను, బేరం కూడా మాట్లాడతాను. నా రెండు చదువులూ అక్కడ పనికొస్తున్నాయి. సాయంత్రం బస్సెక్కి దవాఖానకు పోయేదాన్ని. చేతికి పెట్టిన సెలైన్ గొట్టాన్ని కళ్ళతో పైదాకా చూసి, "ఆ సీసాల ఏమున్నది బిడ్డా?" అని అడిగాడు.

"బలానికి పెద్దనాయనా."

"ఎన్ని రాత్రులు పెడ్తరంట?"

డాక్టరు రెండన్నాడని చెప్పాను. ఆరు పెట్టారు. ఏడో పొద్దున ఆయన పోయాడు.

ఆయన కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు. ఒకరు సూర్యాపేట, ఒకరు కోదాడ. వాళ్ళను తప్పుపట్టను, నేను కూడా మందకు పోలేదు. గొర్రెలను అంగడిలో అమ్మేశారు. నాట్ల ముందు నాన్న కోదాడ నుంచి బస్తాలు తెచ్చాడు. రోడ్డు పక్క మడి మిగతావాటితో సమానంగా పచ్చగానే ఉంది. ట్రాక్టర్లు ఆగకుండా పోతున్నాయి. మా పొలంలో ఇప్పుడు మంద పెట్టడం లేదు.