షర్క్ అన్న మాటకు అర్థం

డెబ్బైల మొదట్లో బోరబండ దగ్గర ఒక సర్కారు గిడ్డంగి ఆఫీసులో నేను టైపిస్టుని. ఏలూరు నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. ప్రొబేషన్ పూర్తి కాలేదు కాబట్టి ఆఫీసరు తుమ్మితే నాకు జ్వరం వచ్చేది.

'షర్క్' అనే ఇంగ్లీషు మాట అక్కడే నేర్చుకున్నాను. చేయాల్సిన పని తప్పించుకోవడం అని నిఘంటువులో ఉంది. వాడుక మాత్రం ఆఫీసులోనే తెలిసింది. పైవాళ్లు కిందివాళ్ల గురించే ఆ మాట వాడాలి. ఆఫీసరు మూడింటికే ఇంటికి వెళ్తే దాన్ని క్యాంపు అంటారు.

ఒక సోమవారం ఆ మాటతో ఒక మెమో టైపు చేశాను. అది మా వాచ్‌మన్‌కి. పుప్పాలగూడ మనిషి, ఆరేళ్లుగా టెంపరరీ, ఆ నెలలోనే పర్మనెంటు కావాలి. శనివారం గేటు వదిలి వెళ్లాడని నేరం. భార్యకు నొప్పులొస్తే దవాఖానకు తీసుకెళ్లాడు. వెళ్తూ, "సాబ్‌కు జర చెప్పమ్మా" అని నాతో చెప్పాడు. ఆఫీసరు ఆ రోజు మండిపడుతున్నాడు. కాసేపాగి చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

మెమోకు మూడు రోజుల్లో ఇంగ్లీషులో జవాబివ్వాలి. ఇంగ్లీషు రానివాళ్లకు రాసిపెట్టేది టైపిస్టే. అతను నా దగ్గరికే వచ్చాడు.

"ఏం రాసిన్రమ్మా గిందుల?"

"పని తప్పించుకున్నావని, బాబాయ్."

"నీకు చెప్పే పోయిన గద?"

నేను మిషను రిబ్బను సరిచేసుకున్నాను. అది సరిగ్గానే ఉంది.

"పోనీ తియ్యమ్మా," అన్నాడు. "నీది కొత్త నౌకరి, నీ పేరెందుకు? తప్పయిందని రాయి. ఒప్పుకుంటే సాబ్ ఇడిచిపెడ్తడు."

వాళ్ల ఊళ్లో పెద్దమనుషుల ముందు అలాగే జరుగుతుంది. ఆఫీసులో జరగదు. కాగితం మీద ఒప్పుకుంటే ఇక విచారణ ఉండదు, నేరుగా తీసేస్తారు. ఈ సంగతి నాకు తెలుసు. అయినా ఒక్క తప్పు లేకుండా టైపు చేశాను. అతను కింద ఉర్దూలో సంతకం పెట్టాడు.

శుక్రవారం తీసేశారు.

వారం తర్వాత తన లాంతరు, దుప్పటి తీసుకెళ్లడానికి వచ్చాడు. నా బల్ల మీద తువాలు విప్పి నాలుగు సీతాఫలాలు పెట్టాడు.

"ఆడపిల్ల పుట్టిందమ్మా. మా గుట్టల కాయలు, తిను. నువ్వు మంచిగ రాసినవ్, సాబ్ సదివి ఒక్క మాట గూడ తిట్టలే."

అప్పుడైనా నిజం చెప్పొచ్చు. ఆఫీసరు పక్క గదిలోనే ఉన్నాడు, తలుపు తీసే ఉంది.

"పాప ఎలా ఉంది బాబాయ్?" అని అడిగాను.