పెద్దమ్మ ఎరువు వేయని కంది

మా కంపెనీలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. గేటు దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి పోవాలి. అందుకే మా పెద్దమ్మ పోయిన సంగతి నాకు షిఫ్టు దిగాకే తెలిసింది. మా అన్న అన్నిసార్లు ఫోన్ చేశాడని చూసి భయపడుతూనే తిరిగి చేశాను. పొద్దున చాయ్ పెట్టుకుంటూ పొయ్యి ముందే ఒరిగిపోయిందట. చిట్కుల్‌లోని నా కిరాయి గదికి కూడా పోకుండా పెద్దమ్మ ఊరున్న బొంతపల్లి వైపు బస్సెక్కాను.

దారి పొడుగునా ఏడుపు రాలేదు. చెల్కలో ఉన్న కంది ఇప్పుడేమవుతుందన్న ఆలోచనే తిరిగింది. చావింటికి పోతూ చేను గురించి ఆలోచించడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ ఆమె గనక బతికుండి, పోయింది ఇంకెవరో అయితే, తను కూడా అదే ఆలోచించేది.

ఆమె మా అమ్మకు అక్క. నన్ను సగం పెంచింది ఆమే. కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు. పళ్లెం చేతిలో పట్టుకుని, దూడ దగ్గరికీ దడి దగ్గరికీ తిరుగుతూ తినేది. చుట్టుపక్కల కంపెనీల గోడలు లేస్తుంటే మధ్యలో మిగిలిన కొద్దిపాటి చేన్లలో ఆమెది ఒకటి. బావి దగ్గర ఒక మంచి మడి, ఎగువన గుట్ట వైపు ఎర్రటి చెల్క. చెల్కంటే మా దగ్గర గులకరాళ్ల నేల, వాన పడితేనే పంట. ఊళ్లో చాలామందికి ఉన్నది చెల్కలే.

కొన్నేళ్ల కింద కొత్త కంది విత్తనం పట్టుకుని వ్యవసాయం సార్లు వచ్చారు. చిన్న రైతుల కోసమే, అందులోనూ ఆడ రైతుల కోసమే పెట్టిన కార్యక్రమమట. తొందరగా కోతకొచ్చే రకం. సంచి ఇచ్చి మీకు నచ్చినచోట వేసుకోండన్నారు. పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా? బావి దగ్గరి మడిలో కూరగాయలు పీకేసి, కొట్టంలోని పెంట ఎరువంతా అక్కడ కుమ్మరించి, ఆ విత్తనం వేసింది. ఎందుకట్లా అంటే నన్ను వింతగా చూసింది.

"సుట్టం లెక్క ఇంటికొచ్చిన ఇత్తనం బిడ్డా. రాళ్లల్ల పడేస్తే ఇజ్జత్ ఉంటదా?"

కంది ఎట్లా పండిందంటే, చూసిన సార్లు మురిసిపోయారు. టెంటు వేశారు, పులిహోర పొట్లాలు పంచారు, పెద్దమ్మకు శాలువా కప్పి మైకు ముందు పెట్టి బాగుందా అని అడిగారు. బాగుందంది. అబద్ధం కాదు. ఏ నేలలో వేశావనీ, నీళ్లు పెట్టావా అనీ ఎవరూ అడగలేదు. చెప్పాలని ఆమెకూ తోచలేదు. చుట్టానికి పెట్టిన కూరలో నెయ్యి ఎంత పోశామో మనం చెప్పుకుంటామా?

మరుసటి ఏడు ఊరంతా అదే విత్తనం చెల్కల్లో వేసింది. పూత మీద వాన మొహం చాటేసింది. పాత కందైతే ఆగి, ఆలస్యపు వానకు మళ్లీ చిగురించి ఎంతో కొంత ఇచ్చేది. దీనికి ఆగడం తెలియదు. మోకాలెత్తులో పూత రాల్చుకుని ఎండిపోయింది. పక్క చేను భాయ్ ఉన్నదంతా అదే వేశాడు. ఆ చలికాలంలోనే అతను ఎడ్లమ్ముకుని ఒక కంపెనీలో వాచ్‌మన్‌గా చేరాడు. వానల్లేకపోతే నువ్వేం చేస్తవక్కా అని అతనే ఆమెను సముదాయించాడు. ఆ మాట ఆమెకు ఎక్కలేదు. నా చేను చూసే కదా వేశాడంటూ నెలల తరబడి అదే మాట మీద ఉండేది.

అప్పటినుంచి ఆమె కాలు ఇంట్లో నిలవలేదు. మండలంలో, పటాన్‌చెరులో, సంగారెడ్డిలో రైతుల మీటింగ్ ఎక్కడ పెడితే అక్కడికి పోయేది. ఈసారి నా చెల్కలో వేసి చూపించండని లేచి అడిగేది. రాసుకున్నామమ్మా అనేవాళ్లు. చెల్కకు కారు పోదు, రోడ్డు పక్క చేనుంటే చెప్పమ్మా అనేవాళ్లు. నాకైతే ఒళ్లు మండేది. మమ్మల్ని కలుపుకుపోవడానికి పెట్టిన కార్యక్రమం మా నేలదాకా నడవలేదంటే ఏమనాలి? ఆమె మాత్రం వాళ్లను తిట్టేది కాదు. "పిలుస్తున్రు బిడ్డా, మంచిగనే సూస్తున్రు. అడుగుడే లేదు," అనేది.

ఒకసారి మాటల్లో మా పని గురించి చెప్పాను. నాది క్వాలిటీ సెక్షన్. డ్రమ్ములో సరుకు పరీక్షించాలంటే పైన, నడుమ, అడుగున మూడుచోట్లా తీస్తాం. ఆ మాట పట్టుకుందంటే ఇక వదల్లేదు. మా బిడ్డ కంపెనీల అడుగుకెళ్లి గూడ తీస్తరు, మీరు పైపైదే తీస్తున్రని తర్వాతి మీటింగ్‌లో అనేసింది. అందరూ నవ్వారు. కొత్తగా వచ్చిన ఒక మేడమ్ మాత్రం నవ్వలేదట. వారం తిరక్కుండా ఆ మేడమ్ చెప్పులు చేతపట్టుకుని గుట్ట ఎక్కి వచ్చింది, చెల్క చూసింది, ఇక్కడే వేద్దామంది.

ఇప్పుడు చెల్కలో ఉన్నది అట్లా ఈ వానాకాలం వేసిన కందే, ఈసారి ఇంకో రకం. ఎరువు లేదు, తడి లేదు. ఊరోళ్లు ఎట్లా పండిస్తారో అట్లాగే. నడుమ వాన ఆగినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. పెద్దమ్మ బిందె నింపుకుని చెల్కదాకా పోయింది. వాడిన మొక్కల ముందు చాలాసేపు నిలబడి, ఒక్క చుక్కా పోయకుండా మోసుకొచ్చి దూడ కుడితిలో కుమ్మరించింది. ఆకలిగొన్న పిల్లకు అన్నం పెట్టొద్దన్నంత కష్టమయిందామెకు.

కాయ గట్టిపడే వేళకు ఆమె లేదు. దినాలు కాగానే మేడమ్ వచ్చి కళ్లు తుడుచుకుంది, కోసేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. ఆమె వెళ్లాక నేను ఒక్కదాన్నే చెల్కకు పోయాను. కొన్ని సాళ్లు ఎండాయి, కొన్నింటికి కాయ ఉంది. బాగుందనాలో లేదనాలో నాకు అర్థం కాలేదు.

అప్పటికే అక్కడ భాయ్ ఉన్నాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, ఒంటి మీద వాచ్‌మన్ బట్టలే. రాళ్లలో గొంతుక్కూర్చుని కాయ వొలిచి గింజను పంటికింద పెట్టుకున్నాడు.

"అక్క దీనికి పెంట ఏసిందా?"

"ఏయలే భాయ్."

"నీళ్లు?"

"అవి గూడ పెట్టలే."

అతను తల ఊపి, టోపీ తీసి రాయి మీద పెట్టి, పక్క సాలులోకి జరిగి ఇంకో కాయ తెంపాడు.