డేల్ దించిన విల్లు

ఎనభై మూడులో కంపెనీ ట్రైనింగ్ కోసం అమెరికాకి, మిషిగన్‌లోని ట్రాయ్‌కి వెళ్ళాను. అక్కడ నాకు మెషీన్ పని నేర్పిన డేల్ అనే అరవయ్యేళ్ళ ఆయన ఓ ఆదివారం పొద్దున్నే చేపల వేటకి తీసుకెళ్ళాడు. గాలం లేదు, వలా లేదు. విల్లూ బాణం! బాణానికి పొడుగాటి తాడు కట్టి ఉంది.

మోకాలి లోతు నీళ్ళలో కొంగలా నిలబడి, "చేప కనిపించిన చోట ఉండదు, ఇంకాస్త కిందకి గురిపెట్టాలి," అన్నాడు. అన్నట్టే రెండు బంగారు తీగ చేపల్ని కొట్టాడు. మన దగ్గర పులుసుకి ఎగబడి కొనుక్కునే ఆ చేప వాళ్ళకి పనికిరానిదట! అందుకే దాన్ని బాణంతో కొట్టొచ్చు. పైక్, బాస్ లాంటి చేపల్ని మాత్రం కొట్టకూడదని అక్కడి రూల్.

అంతలో తుంగ పక్కన నా చెయ్యంత పొడుగు నీడ ఒకటి కదిలింది. డేల్ విల్లు లాగాడు. చేతులు వణికేదాకా అలాగే నిలబడి, మెల్లగా విల్లు దించేశాడు.

"అయ్యో, షూట్ చెయ్యలేదేం?" అని అరిచాను.

"ఏ చేపో సరిగ్గా తెలియలేదు. బాణం దిగాక మళ్ళీ నీళ్ళలో వదల్లేం కదా."

కనుచూపు మేరలో మనిషన్నవాడు లేడు. "ఇక్కడ ఎవరు చూడొచ్చారు డేల్?" అన్నాను.

ఆ ప్రశ్నే అర్థం కానట్టు ఒకసారి నావైపు చూసి, మళ్ళీ నీళ్ళవైపు తిరిగాడు.

మత్స్యయంత్రాన్ని కొట్టినవాడి గురించి చిన్నప్పుడు హరికథల్లో ఎన్నిసార్లో విన్నాను. ఎక్కుపెట్టి కూడా కొట్టనివాణ్ణి చూసింది మాత్రం ఆ రోజే.