వెనక్కి నడిచే నాన్న

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి పని నుంచి రాగానే, కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఓ బుల్లి ఆట ఆడందే కాఫీ కూడా రుచించదు. గంటలో అయిపోయే ఆట. అందులో మనుషులుండరు, ఆడేవాడి కళ్ళకు కనబడే గదులే ఉంటాయి. తల తిప్పితే చాలు, అప్పటిదాకా చూస్తున్న తలుపు మాయమై గోడ మొలుస్తుంది. తలుపు మీంచి చూపు తియ్యకుండా వెనక్కి నడుస్తూ గది దాటడమే కిటుకు. "జవాబు తెలిశాక ఇంకేం మజా?" అంటుంది భార్య. "తెలుసు కాబట్టే ఆడుతున్నా," అంటాడు, గ్రీజు మరకల బొటనవేలితో తెర తుడుస్తూ.

మొన్నామధ్య బజార్లో అతను అలా తల తిప్పేసరికి పక్కనున్న పాప కనిపించలేదు. పాప దొరికింది గానీ, మళ్ళీ తల తిప్పాలంటే అతనికి భయం పట్టుకుంది. అప్పట్నుంచి బడి గేటు దగ్గర పాపని దించి, దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. సైకిళ్ళని గుద్దుకుంటాడు, తిట్లు తింటాడు. ఇవాళ పాప కూడా నాన్ననే చూస్తూ వెనక్కి నడవసాగింది. దాని వెనక కిందికి దిగే మెట్లున్నాయి. "అటు తిరుగమ్మా, పడతావ్!" అని కేక పెట్టాడు. పాప రెప్ప వెయ్యలేదు. "తిరిగితే నువ్వుండవుగా నాన్నా!" అంటూ ఇంకో అడుగు వెనక్కి వేసింది.