ఒకదాంట్లో ఒకటి ఇమిడే కొండలు

రెండువేల దశకం మధ్యలో, పెళ్లయిన కొత్తలో, తాడేపల్లిగూడెంలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నేను ఓ ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఆదివారాలు భోజనాల బల్లమీద యుద్ధాలు చేసేవాణ్ణి.

అదొక ఆట. బొటనవేలంత ప్లాస్టిక్ సైనికుల్ని బారులు తీర్చి, టేపుతో దూరం కొలిచి నడిపించి, పాచికలు వేసి ఎవరు పడ్డారో ఎవరు నిలబడ్డారో తేల్చుకోవాలి. నియమాలు ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకొచ్చాను. నాతో ఆడేవాడు ఒక్కడే, నా డిగ్రీ క్లాస్‌మేటు. వాడికి కైకలూరులో చేపల మేత కొట్టు ఉంది. పొద్దున్నే చర్చికెళ్లి, ఏలూరులో బస్సు మారి, భోజనాల వేళకి మా ఇంట్లో తేలేవాడు.

మొదట్లో బల్ల ఉన్నదున్నట్టు వాడుకున్నాం. ఎటు చూసినా చదునే. ఫిరంగి ఉన్నవాడు మొదటి వంతులోనే అందర్నీ కొట్టేసేవాడు.

"దాక్కోడానికి చోటు లేకపోతే ఇది యుద్ధం కాదురా, క్యారమ్స్," అన్నాడు వాడు. "కొండలు కావాలి."

మా ఇద్దరికీ ఎత్తంటే కాలవగట్టే. అయినా తయారీకి దిగాం. మరుసటి వారం వాడు చేపలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెలు, అంచులు విరిగినవి, మోపు కట్టి తెచ్చాడు. పలకలుగా కోసి, ఒకదానిమీద ఒకటి అంటించి, చెక్కి, ఆకుపచ్చ రంగు వేశాం. కొండలు చాలా బాగా కుదిరాయి. తీరా ఆట అయ్యాక వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. రెండు బీరువా ఎక్కాయి, ఒకటి కుట్టుమిషను మీద కూర్చుంది. ఫ్యాను తిరిగితే తెల్లటి పూసలు అన్నంలో రాలేవి. ఎంత కడిగినా వాసన పోలేదేమో, పక్కింటి పిల్లి కిటికీలోంచి వచ్చి పెద్ద కొండమీదే పడుకునేది.

మా ఆవిడ నాలుగు రోజులు ఊరుకుని, అయిదో రోజు కాఫీ ఇస్తూ అంది. "ఏవండీ, కొండలు వద్దనట్లేదండి. మనుషులు తిరగడానికి కూడా కాస్త మైదానం ఉంచండి."

ఒప్పందం కుదిరింది. ఏ కొండైనా సరే, మంచం కింద ట్రంకుపెట్టె పక్కన పట్టాలి. దానికి మించి జానెడు కూడా ఇవ్వనంది.

అప్పట్నుంచి కొండ అందంగా ఉందా లేదా అన్నది పోయి, ఆట అయ్యాక ఎంత చోటు తింటుందన్నదే మా లెక్క అయింది. పుస్తకాలు పేర్చి వాటిమీద ఆకుపచ్చ దుప్పటి కప్పాం. అయ్యాక పుస్తకాలు అలమరలోకి, దుప్పటి మంచంమీదికి. ఇంతకంటే ఏం కావాలనుకున్నాను. కానీ మడతల్లో సైనికులు నిలబడరు. మావాడు పాచిక వెయ్యబోతూ మోచేత్తో దుప్పటి లాగాడు. రెండు సైన్యాలూ కలిసి నేలమీదికి జారాయి. ఆ తర్వాత ప్లైవుడ్ ముక్కలు గుండ్రంగా కోయించాను. అవి అట్లు పేర్చినట్టు చక్కగా ఒదిగేవి.

"బానే ఉన్నాయిరా," అన్నాడు వాడు నిరుత్సాహంగా. "కాకపోతే ఇవి కొండలు కాదు, పీటలు."

ఈ వాదన నడుస్తుండగానే మా అత్తగారు అత్తిలినుంచి వచ్చారు. సోఫాలో కూర్చుని మమ్మల్ని కాసేపు చూశారు.

"బాబూ, కొండ లోపల ఏమన్నా ఉండాలాండీ?" అని అడిగారు.

"ఏం అక్కర్లేదండి అత్తయ్యగారూ."

"మరి బోలుగా చేసుకోకపోయారా? గిన్నెల్లాగా ఒకదాంట్లో ఒకటి పెట్టుకోవచ్చు. కాగితం గుజ్జుతో మేం బుట్టలు చేస్తాం కదండీ, అలాగ."

నేనూ మావాడూ మొహాలు చూసుకున్నాం. ఆ బుట్టలు మా అమ్మా చేసేది. వాటిని బోర్లించి చూడాలని మాకెప్పుడూ తట్టలేదు.

పాత పేపర్లు బకెట్లో నానబోశాం. మా అత్తగారు మెంతులు రుబ్బి, గుజ్జులో కలిపి, చిన్నా పెద్దా బేసిన్లు బోర్లించి వాటిమీద దట్టంగా మెత్తారు. సైనికులు నిలబడాలని నేను చెబితే, పైన స్టీలు పళ్లెంతో అదిమి చదును చేశారు. కొంచెం గట్టిపడ్డాక బేసిన్ల మీంచి తీసి డాబామీద ఎండబెట్టాం. నేను కాలేజీలో ఉండగా వాన పట్టుకుంది. తల్లీకూతుళ్లు పరుగున వెళ్లి దించేసరికి, అన్నిటికంటే పెద్దది ఓ పక్కకి సొట్టపోయింది. సాయంత్రం దాన్ని చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. ఆదివారం వచ్చిన మావాడు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదొక్కటే నిజం కొండలా ఉందిరా," అన్నాడు.

సొట్టవల్ల మధ్య సైజు కొండ అందులో కూర్చోలేదు. మా ఆవిడ దాన్ని మెల్లగా తిప్పుతూ పోయింది. ఓ చోట టక్కున దిగింది. అక్కడ రెండు కొండలకీ గుర్తుగా ఎర్రచుక్క పెట్టింది. సైనికుల కాళ్లు జారకుండా రంగులో ఇసుక కలిపి పూశాను. ఆ కొండలన్నీ కలిపి మంచం కింద ఒక్క కొండంత చోటులో సర్దుకున్నాయి.

ఆ రోజు ఆటలో నా ఫిరంగులు పెద్దకొండ ఎక్కించాను. మావాడు ఎటూ కదల్లేక తల గోక్కుంటూ, "మీరైతే ఏం చేస్తారండీ?" అని మా అత్తగార్ని అడిగాడు.

"నేనైతే ఎక్కనండి. మోకాళ్ల నొప్పులు. చుట్టూ తిరిగెళ్తాను," అన్నారావిడ.

వాడు సొట్ట పక్కనుంచి, నా ఫిరంగులకి కనబడకుండా, గుర్రాలన్నిటినీ తిప్పుకొచ్చాడు. టీ పెట్టేలోపే నేను ఓడిపోయాను. మా అత్తగారు నొచ్చుకుని, "తెలీక చెప్పానండి," అని రెండుసార్లు అన్నారు.

ఆవిడ వెళ్లాక ఒక ఆదివారం కొండలు బయటికి లాగితే, చిన్నదాన్నిండా వెల్లుల్లిపాయలు ఉన్నాయి.

"వారమంతా ఖాళీగానే ఉంటున్నాయి కదండీ," అంది మా ఆవిడ. వెల్లుల్లి పళ్లెంలోకి ఒంపుకునేదాకా ఇరుపక్షాలూ ఆగాయి.

వేసవి సెలవుల్లో ఒకసారి నేనే కైకలూరు వెళ్లాను. కొండల్ని ఒకదాంట్లో ఒకటి పెట్టి, తువ్వాలు చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. ఏలూరులో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, తువ్వాలు అంచు ఎత్తి చూశాడు.

"బుట్టలు బాగున్నాయి బాబూ. ఎక్కడ కొన్నారు?"

"బుట్టలు కాదండీ, కొండలు," అన్నాను.

ఆయన నావైపూ, నా ఒళ్లోకీ చూసి, ఇంకాస్త పక్కకి జరిగాడు. నాకు నవ్వొచ్చింది. కైకలూరులో దిగేసరికి మావాడు కొట్టులో మేత బస్తాలు నాలుగు దగ్గరికి లాగి, వాటిమీద పాత తలుపు పరిచి ఉంచాడు. ఆ మధ్యాహ్నం ఒక్కొక్క కొండా తీసి దానిమీద పెడుతుంటే, మేత కోసం వచ్చిన రైతులు బేరం ఆపి చుట్టూ నిలబడ్డారు. ఏ సైన్యం ఎవరిదో చెప్పగానే వాళ్లూ రెండు పక్షాలైపోయారు.