గ్లోరియా ఎడమచెయ్యి

మెట్టుగూడ గ్లోరియా టీచర్ డిస్కో నేర్చుకున్నది చర్చిలో. ఎగతాళి కాదు. వాళ్ల సంఘానికి డప్పంటే సిగ్గు, డ్రమ్స్ అంటే పాపం. రెండొందల మంది చప్పట్లు దారి తప్పకుండా కాసే పనంతా కీబోర్డు మీద ఆమె ఎడమచేతిదే. కింది స, పై స, కింది స, పై స. డిస్కోలో బాస్ గెంతేదీ ఇలాగే. ఇరవై రెండేళ్లు అలా గెంతించింది.

ఆ గెంతు సత్యదేవ్ ఎవరిదో పెళ్లిలో విన్నాడు. అతనికి ‘గూడ్స్‌షెడ్’ అని ఒక బ్యాండుంది. పైన పోస్ట్ పంక్ అరుపు, చిరాకు, తుప్పు పట్టినట్టుండే గిటారు. కింద డిస్కో నడక. ఆ నడకే కుదరడం లేదు.

“అక్కా, నీ ఎడమచెయ్యి మాకియ్యి” అన్నాడు.

నలభై మూడేళ్ల వయసులో ఆమె బాస్ గిటారు తగిలించుకుంది. బ్యాండు వాయించేది బేగంపేటలో మూతపడ్డ ఫర్నిచర్ షాపు సెల్లార్‌లో. ఆదివారం నాలుగింటికి, పోస్టరు లేకుండా, నోటిమాట మీదే వందమంది ఆడటానికి దిగేవాళ్లు. పొద్దున ఆరాధన, సాయంత్రం సెల్లార్. రెంటికీ తగాదా ఏమిటో ఆమెకు తెలియలేదు. ఆమె అడిగిందల్లా వాయించుకోను చోటు.

ఆమె సెల్లార్‌లో వాయిస్తున్న వీడియో ఒకటి సంఘం వాట్సాప్‌లోకి వచ్చిపడింది. సంఘపెద్ద జ్ఞానశేఖర్ గారు ఇంటికొచ్చి, టీ తాగి, “సాక్ష్యం చెప్పేయమ్మా. ఐదు నిమిషాలు. కీబోర్డు ఎక్కడికీ పోదు” అన్నారు.

సంఘం ముందు నిలబడి, దేవుడి దారికి రాకముందు చేసిన పాపాలు ఒప్పుకునే ఈ సాక్ష్యానికో మూస ఉంది. “నేను లోకంలో ఉన్నప్పుడు” అని మొదలెట్టాలి. పాపాలన్నీ లోకంలో, లోకమేమో భూతకాలంలో. తాగినవాడూ, లంచం తిన్నవాడూ ఆ ఒక్క మాట పట్టుకునే ఒడ్డెక్కారు. గ్లోరియా మైకు పట్టుకుని, “నేను లోకంలో ఉన్నాను” అంది.

“ఉన్నప్పుడు, అమ్మా, ఉన్నప్పుడు!” పక్కనుంచి జ్ఞానశేఖర్ గారు గుసగుసలాడారు.

బడిలో తెలుగు చెప్పే మనిషి. కాలాలు తెలియక కాదు. దిద్దుకోలేదు. మైకు కట్టేశారు. పై వారం కీబోర్డు ముందు జ్ఞానశేఖర్ గారి కోడలు అక్సా కూర్చుంది.

ఇదంతా సెల్లార్‌లో చెప్పుకుని ఏడ్చింది. సత్యదేవ్ కళ్లు మెరిశాయి. పదిహేను రోజుల్లో అది పాటైంది. “నేను లోకంలో ఉన్నాను” అని వందమంది చేతులెత్తి అరిచే పల్లవి. మధ్యలో సత్యదేవ్ ముసలి గొంతు పెట్టి “ఉన్నప్పుడు, అమ్మా” అంటాడు. జనం విరగబడి నవ్వుతారు.

“తీసెయ్యి సత్యా. వాళ్లు నావాళ్లు.”

“ఎల్లగొట్టినోళ్లు నీవాళ్లేందక్కా? జెర ఫ్రీ అవ్వు. జనం ఎట్ల ఊగుతున్రో చూడు.”

“నన్ను చూసి నవ్వుతున్నారు.”

“నవ్వుకుంటనే ఊగుతున్రు గదా!”

స్వేచ్ఛ బోధించేవాళ్లకు ఎదుటివాళ్ల ఏడుపు ముడిసరుకు.

మరుసటి ఆదివారం ఆ పాట రెండో చరణంలో ఆమె తీగల మీంచి చేతులు తీసేసింది. బాస్ ఆగలేదు. రిహార్సల్లో ఆమె వాయించినదంతా సత్యదేవ్ ఎప్పుడో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. ఆమె గిటారు సంచిలో పెట్టి, వైరు చుట్టి, మెట్లెక్కేదాకా ఒక్కరూ తల తిప్పలేదు. పాట ఎక్కడా తడబడకుండా ముగిసింది. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి.