మోకాలికి పెట్టిన గురి

గుల్లలపేటలో కాకులకి కూడా కుసుమకుమారి అంటే భయం. ఊరివాళ్లు హాస్యానికి అనే మాటే గానీ అందులో అబద్ధం పెద్దగా లేదు. చిన్నప్పుడు ఇసకలో ఎండబెట్టిన చేపలకి కాపలా పెడితే, ఆ పిల్ల కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఎక్కడో వాలిన కాకిని గులకరాయితో ఎగరగొట్టేది. కుక్క వస్తే కాలికి కొట్టేది. తలకి కొడితే కుక్క చచ్చిపోతుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు, దానికే తెలుసు.

ఆ చెయ్యి హైస్కూలు డ్రిల్లు మాస్టారు నారాయణమూర్తి కంట పడింది. ముందు వెదురుకర్ర ఇచ్చాడు, తరవాత సిసలైన జావెలిన్ ఇచ్చాడు. విజయనగరంలో పతకం, గజపతినగరంలో పతకం, ఆపైన రాష్ట్రం పోటీల్లో పతకం. మొదటి పతకం వచ్చినప్పుడే ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో పిల్ల ఫొటో తపాలాబిళ్లంత, కులపెద్ద అసిరయ్య ఫొటో తలుపంత. అయినా కుసుమ ఏమీ అనుకోలేదు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి వాళ్లమ్మ మరిడమ్మ చేపల తట్ట దించి, కొంగుతో కళ్లు ఒత్తుకోవడం చూసింది. ఆ పిల్లకి అది చాలు.

మరిడమ్మ నవ్వగా చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. మొగుడు కూర్మయ్యని మొగలిపాలెంవాళ్లు సముద్రం మీద చంపేశారు. మొగలిపాలెం పక్క ఊరే, మధ్యన ఒక ఉప్పుటేరు అడ్డం, అంతే. వాళ్లు రింగు వలలతో వచ్చి పిల్లచేపతో సహా ఊడ్చుకుపోతారని గుల్లలపేట కోపం. సముద్రానికి పట్టా రాయించుకున్నారా అని మొగలిపాలెం ఎకసెక్కం. ఒకరోజు మాట మీద మాట పెరిగి, వాళ్లలో ఎవడో తెడ్డుతో కూర్మయ్య నెత్తి పగలగొట్టాడు. రెండోనాడు శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. చేపలు తినగా మిగిలిన ముఖం అది. పసిదానివి, చూడకమ్మా అని ఎవరో కుసుమ కళ్లు మూయబోతే, మరిడమ్మ ఆ చెయ్యి లాగిపారేసి, "సూడనీ. దీనికి గుర్తుండాల," అంది.

కుసుమకి గుర్తుంది. గుర్తున్నా మొగలిపాలెం కుర్రాడితోనే స్నేహం కుదిరింది, ఏం చేస్తాం! నాగబాబు పరుగులవాడు. శ్రీకాకుళం మైదానంలో ఇద్దరికీ నారాయణమూర్తే గురువు. మైదానంలో ఒకే సీసాలో నీళ్లు తాగేవారు, ఇంటికెళ్లే బస్సులో మాత్రం ఎడమొహం పెడమొహంగా కూర్చునేవారు. ఎక్కేవాళ్లలో రెండు ఊళ్లవాళ్లూ ఉంటారు కదా. తెలిసిన ముఖాలు లేనప్పుడు నాగబాబు వెనక సీటులోంచి గొణిగేవాడు.

"ఒసే కుసుమా, మీ అసిరయ్య మావ సూత్తే నన్ను ఎండబెట్టి అమ్మేస్తాడే."

"నిన్నెవుడు కొంటాడ్రా? నీ వొంట్లో ముల్లు తప్పితే ఏటుంది?"

వాడు పరిగెడుతుంటే చూడాలి. ఆ కాళ్లు నేలమీద ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. దేవుడు వాడికి ఇంకేమీ ఇవ్వలేదు, ఆ కాళ్లు ఇచ్చాడు.

జిల్లాలో పాత క్రీడాకారుల సంఘం ఒకటి ఉంది. ఏటా ఒక పండగలా సభ పెట్టి, ఆ ఏడు పరుగుల్లో, దూకుళ్లలో, విసుర్లలో మేటి అనిపించుకున్నవాళ్లకి అవార్డులు ఇస్తుంది. ఈ ఏడు ఆడవాళ్లలో కుసుమకుమారి, మగవాళ్లలో నాగబాబు. మాస్టారు ఫోనులో ఆ కబురు చెప్పాడు. నాగబాబు వెంటనే ఫోను చేసి, "ఒకే స్టేజీ మీద పక్కపక్కన కూకోవాలే. మన రెండూళ్లోలూ గుండాగి సస్తారు," అని పకపకా నవ్వాడు.

సభ ఇంకా వారం ఉందనగా గుల్లలపేట ఒడ్డుకి ఎదురుగా రింగు వలల పడవలు కనబడ్డాయి. వెంటనే ఊళ్లో డప్పు మోగింది. ఇంటికో మనిషి!

ఈ మాట తెలియనివాళ్లకి చెప్పాలి. సముద్రం మీద తగవు వస్తే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి పడవ ఎక్కి తీరాలి. పంపని ఇంటిని వెలి వేస్తారు. ఆ ఇంటికి కుళాయి దగ్గర నీళ్లు ఉండవు, చావుకి నలుగురు రారు. ఆడది పడవ ఎక్కకూడదన్నది ఇంకో కట్టుబాటు. అందుకని మగదిక్కు లేని మరిడమ్మ ఇంటిని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఈసారి అసిరయ్యే స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మరిడమ్మా, ఈసారి నీ ఇంటికాడినించి కూడా మనిసి రావాల."

"నా ఇంట్లో మగోడేడి మావా?"

"ఎనిమిదిమంది మగోల పెట్టు ఉన్నాది కదే గుంట. దాని సెయ్యి గవర్నమెంటోల పతకాలకి పనికొస్తాది గానీ ఊరికి పనికిరాదేటి?"

కుసుమ లోపలి నుంచి వచ్చింది. "నాను రాను మావా. నేర్సుకున్నది మనుసుల్ని కొట్టడానికి కాదు."

చెంప ఛెళ్లుమంది. కొట్టింది అసిరయ్య కాదు, మరిడమ్మ. ఉంగరం తగిలి కుసుమ పెదవి చిట్లింది.

"మీ అయ్య బుర్ర ఇప్పేసినోల్లు ఇలాగే అనుకున్నారేటే? ఎల్లు! ఎల్లకపోతే నాను నీకు అమ్మని కాను, నువ్వు నాకు కూతురివి కావు."

తిట్టి ఉంటే కుసుమ ఎదురు తిట్టేది. కానీ ఆ మాట అనేటప్పుడు మరిడమ్మ గడ్డం వణికింది. ఆ వణుకుకి లొంగిపోయి కుసుమ పడవ ఎక్కింది.

సముద్రం మీద కొట్లాట సినిమాల్లో చూపించినట్టు ఉండదు. నిలబడటానికే దిక్కుండదు. పడవ ఊగుతుంది, కాలికింద రక్తమూ ఉప్పునీరూ కలిసి జారుతుంది, ఎవడు ఎవణ్ని కొడుతున్నాడో సగంసేపు తెలియదు. పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోగానే గెడలు లేచాయి. సీసాలు పగిలాయి. మొగలిపాలెంవాడొకడు వల కోసే కత్తితో పక్క పడవలోని ముసలాయన ముంజేతిని చీరేస్తే లోపలి తెల్లటి ఎముక కనబడింది. కుసుమ పినతండ్రి కొడుకు వెంకీ ముఖం మీద తెడ్డు పడింది. వాడు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తంతో పాటు పళ్లు రాలాయి.

"అప్పా!" అన్నాడు వాడు అక్క వైపు తిరిగి. అంతే అనగలిగాడు.

అప్పటిదాకా కుసుమ రాళ్ల గోనె పక్కన ముడుచుకుని కూర్చునే ఉంది. అప్పుడు లేచింది. ఒళ్లంతా మంట. తండ్రి ముఖం, ఆ చేపలు తినేసిన ముఖం, ఎదురుగా వచ్చి నిలబడింది. అవతలి పడవ ముందుకొమ్ము మీద ఎర్ర బనీనువాడొకడు, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గెడ ఎత్తి ఈ పడవలోని అసిరయ్య మీదకి దూకబోతున్నాడు. కుసుమ చేతికి వల అంచున కట్టే సీసపు గుండు దొరికింది.

ఆ రెప్పపాటులోనే దానికి ఆలోచన వచ్చింది, అదీ విచిత్రం. తలకి కొడితే చచ్చిపోతాడు. వాడికీ ఒక తల్లి ఉంటుంది. మోకాలికి కొడితే పడతాడు, బతుకుతాడు. అంత కోపంలోనూ జాలిపడి, మోకాలికి గురి పెట్టింది.

గురి తప్పలేదు. ఎండుకొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు అయింది. ఎర్ర బనీనువాడు గెడ వదిలేసి, కాలు వంగకూడని వైపుకి వంగిపోగా, పడవ అంచుకి గుద్దుకుని నీళ్లలో పడ్డాడు. పైకి తేలేసరికి తువ్వాలు ఊడిపోయింది.

నాగబాబు.

వాళ్ల ఊళ్లోనూ ఇంటికో మనిషే మరి. వాడు నోరు తెరిచి అరుస్తున్నాడు, నోట్లోకి నీళ్లు పోతున్నాయి. కళ్లు కుసుమ ఉన్న వైపే తిరిగి ఉన్నాయి. ఆ కళ్లకి అప్పుడు కుసుమ కనబడిందో, సముద్రమే కనబడిందో తెలియదు. వాళ్ల మేనమామ గంగరాజు జుట్టు పట్టి వాణ్ని పడవలోకి లాగేశాడు.

గుల్లలపేట గెలిచింది. ఒడ్డున ఈలలు వేశారు. అసిరయ్య కుసుమ చెయ్యి పైకెత్తి ఊరంతా తిప్పాడు. మరిడమ్మ కూర్మయ్య ఫొటో ముందు దీపం పెట్టి, "ఇయేల మీ అయ్య కడుపునిండా అన్నం తింటాడు," అంది. కుసుమ పెరట్లోకి పోయి కడుపులో ఉన్నదంతా కక్కింది.

పోలీసులు వచ్చారు, రెండు ఊళ్లూ నోరు మూసుకున్నాయి. ఆసుపత్రిలో నాగబాబుని అడిగితే, వల తాడు తెగి కప్పీ వచ్చి తగిలిందని చెప్పాడట. ఆ సంగతి మాస్టారే ఫోనులో చెప్పాడు. "మోకాలిచిప్ప ముక్కలైపోయిందమ్మా. కర్ర పట్టుకుని నడుస్తాడట. పరుగు మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు," అని, ఆ పెద్దమనిషి ఫోను పెట్టేయడం కూడా మరిచిపోయి ఏడ్చాడు.

ఇక అక్కడి నుంచి కుసుమని ఒకే ప్రశ్న పీక్కుతింది. వాడు చూశాడా, చూడలేదా? చూసి కప్పి పుచ్చాడా, నిజంగానే తెలియదా? చూసి ఉంటే వాడి ముఖం ఎలా చూడాలి? చూడకపోయి ఉంటే ఆ స్నేహాన్ని దొంగసొమ్ములా ఎన్నాళ్లు దాచుకోవాలి? అవార్డు వద్దనుకుంది. కానీ సభకి నాగబాబు వస్తున్నాడని తెలిసి, వాడి కళ్లు ఒక్కసారి చూస్తే తెలిసిపోతుందని బయల్దేరింది.

శ్రీకాకుళంలో కల్యాణమండపం అద్దెకి తీసుకున్నారు. నాగబాబుని గంగరాజు ఇంచుమించు మోసుకొచ్చి స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టాడు. తొడ నుంచి మడమ దాకా పిండికట్టు. మేటి పరుగువీరుడని మైకులో పేరు పిలిస్తే లేచి నిలబడలేకపోయాడు. శాలువా కూర్చునే కప్పించుకున్నాడు. చప్పట్లు కొడుతున్నవాళ్లు కట్టు చూసి మధ్యలో ఆపేశారు. అసలు కొట్టకపోయినా అంత బాధ ఉండేది కాదు.

పక్క కుర్చీలో కుసుమ. వాడు ఎప్పటిలాగే తలతిప్పి, "బాగున్నావేటే?" అన్నాడు. కళ్లలో కోపం లేదు. అనుమానం కూడా లేదు. చూడలేదు అనుకుంది కుసుమ. బతికాననిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

తన వంతు వచ్చింది. షీల్డు ఇచ్చారు. రిబ్బను కట్టిన కొత్త జావెలిన్ ఒకటి బహుమానంగా ఇచ్చారు. పేపరు ఫొటోగ్రాఫరు ముందుకొచ్చి, "అమ్మా, విసిరేటట్టు ఒక్క పోజు ఇవ్వండి. నాగబాబుగారు కూడా పడేలా ఇటు తిరగండి," అన్నాడు.

కుసుమ అలవాటుగా తిరిగింది. అలవాటుగా చెయ్యి వెనక్కి లాగి ఎత్తింది.

నాగబాబు రెండు చేతులూ మోకాలికి అడ్డం పెట్టుకుని గావుకేక పెట్టాడు.

కుర్చీ తిరగబడి, వాడు పిండికట్టుతో సహా నేల మీద పడ్డాడు. కింద జనం వేళాకోళం అనుకుని నవ్వారు. వాడు నవ్వలేదు. కప్పుకున్న శాలువాలో దాక్కున్నట్టు ముడుచుకుని వణుకుతున్నాడు. వాడు చూశాడు. మొదటి నుంచీ వాడికి తెలుసు. తెలిసే కప్పీ తగిలిందన్నాడు, తెలిసే బాగున్నావా అని అడిగాడు.

గంగరాజు మేనల్లుణ్ని పట్టుకోబోయి, వాడి చూపు ఎటుందో చూసి, ఎత్తిన ఆ చేతిని చూశాడు.

"ఇదేనేట్రా? ఈ గుంటేనా?"

"కాదు మావా. కాదు. నాకు కల్లు తిరిగినాయి," అన్నాడు నాగబాబు తడబడుతూ.

"నానే," అంది కుసుమ.

గంగరాజు దాని జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ముఖం నేలకేసి కొడితే ముక్కు పగిలింది. డొక్కలో తన్నాడు. జావెలిన్ దాని చేతిలోనే ఉంది. ఆ దూరం నుంచి దానికి గురి కూడా అక్కర్లేదు. కుసుమ వేళ్లు విప్పేసింది, జావెలిన్ దొర్లుకుంటూ పోయి స్టేజీ కింద పడింది. సంఘం పెద్దమనుషులు కుర్చీల వెనక్కి తప్పుకున్నారు. మాస్టారు ఒక్కడే అడ్డం వస్తే గంగరాజు ఆయన్ని ఒక్క తోపుతో పడేశాడు. కుసుమ కుడి మణికట్టు మీద కాలు వేసి తొక్కిపెట్టి, పక్కనున్న షీల్డు అందుకున్నాడు. బరువైన చెక్క, ఇత్తడి అంచు. రెండు చేతులతో ఎత్తాడు.

కుసుమ కళ్లు మూసుకుంది. కొట్టనీ అనుకుంది.

దెబ్బ పడింది, నొప్పి మాత్రం తెలియలేదు. కళ్లు తెరిస్తే తన చెయ్యి కనబడలేదు. దాని మీద నాగబాబు బోర్లా పడి ఉన్నాడు. పిండికట్టు కాలిని ఈడ్చుకుంటూ పాకి వచ్చి పడ్డాడు. షీల్డు వాడి వీపు మీద పడింది, చొక్కా చిరిగి రక్తం వస్తోంది.

"సెయ్యి వద్దు మావా! ఇంకేటైనా సేసుకో, సెయ్యి మాత్రం ఇరగ్గొట్టకు!"

"ఒరే, నీ కాలు తీసేసిందిరా అది! బుద్దుందేట్రా నీకు?"

"తీసీసింది కాబట్టే సెప్తన్నాను," అన్నాడు నాగబాబు రొప్పుతూ. "పోతే ఎలాగుంటాదో నాకు తెలుసు మావా. నీకు తెల్దు."

గంగరాజు షీల్డు మళ్లీ ఎత్తాడు గానీ దించలేకపోయాడు. నాగబాబు గుండెకింద కుసుమ వేళ్లు ఒక్కొక్కటే కదిలాయి, వాడి చొక్కాని గట్టిగా పట్టుకున్నాయి.